ముప్పయ్యో బండి అట్ట

వెనక మేస్త్రి మొదటి గెలుపు ఒక ముసలి చైను ట్రాక్టరు. చక్రాలకు బదులు ఇనుప పట్టాల మీద పాకే ఆ బండి వెనక, గట్టి నేలను చీల్చే రిప్పరు బిగించాలని అంతకుముందు నలుగురు మెకానిక్కులు ప్రయత్నించి చేతులెత్తేశారు. నాలుగోవాడు మరీ ఘనుడు. గేరుపెట్టె వెల్డింగుకు నిలవని పోత ఇనుముదని కూడా చూడకుండా బ్రాకెట్టును తెచ్చి దానికే వెల్డింగు పెట్టాడు. పని మొదలెట్టిన గంటకే పెట్టె పగిలి నూనె కారింది. అప్పటికి మన మేస్త్రికి ఇరవై నాలుగేళ్ళు. "మీసాలైనా సరిగ్గా రాలేదు, నువ్వేం చేస్తావోయ్!" అని యజమాని ఎగతాళి చేశాడు. మేస్త్రి పదిహేడు రోజులు ఆ బండి కిందే పడున్నాడు. వెల్డింగంతా గీకేశాడు. పగులు ఇంకా పాకకుండా దాని రెండు కొసల్లో బెజ్జాలు వేసి ఆపాడు. పెట్టెకు పుట్టుకతో ఉన్న బోల్టు రంధ్రాలనే నమ్ముకుని రిప్పరును మోసే మందపాటి ఇనుప పలక బిగించాడు. పద్దెనిమిదో రోజున రిప్పరు మూడు పళ్ళూ మోకాలి లోతు దిగి, గునపం దిగని నేలను పాత దుప్పటి చింపినట్టు చింపాయి.

ఆ తర్వాతి సంగతులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. మొత్తం నలభై ఒక్క బండ్లు. తయారుచేసిన కంపెనీయే విడిభాగాలు లేవని వదిలేసినవాటికి బిగించాడు. కొండ అంచున బిగించాడు, వానలో గొడుగు కట్టుకుని బిగించాడు, చెయ్యి కాలినా రెండో చేత్తో బిగించాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, పెద్ద చదువుల ఇంజనీర్లకు నేల మీద సుద్దతో గీసి పాఠం చెప్పాడు. ఇంజను గురించి ఎవరైనా అడిగితే మాత్రం, "ముందు సంగతి నాకు తెలీదండీ, వెనక సంగతేదైనా ఉంటే చెప్పండి" అనేవాడు. అలా వెనక మేస్త్రి అయ్యాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. పాత బండ్లలో ఏ రెండిటి వెనక వైపూ ఒకేలా ఉండదు. ఎందరెందరో తొలిచి, పూడ్చి, మళ్ళీ తొలిచిన బెజ్జాలవి. కొలతబద్దతో కొలిస్తే ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పుతుంది. అందుకని మేస్త్రి ఒక పెద్ద అట్టను బండి వీపుకు ఆనించి, గుండ్రటి సుత్తితో ప్రతి బెజ్జం అంచునా మెల్లగా తట్టేవాడు. అట్ట మీద బెజ్జాల అచ్చు పడేది. సుత్తి తగిలిన బయటి వైపు గుంట, లోపలి వైపు బొడిపె. బయటి వైపున "బయట" అని రాసేవాడు. ఆ రాత పైకి కనబడేలా అట్టను పలక మీద పరిచి బెజ్జాలు వేస్తే చాలు. రాసే పని మాత్రం ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇంకొకరంటే కూడా ఒక్కడే, తమ్ముడు. ముప్పై బండ్లకు పలక రెండో కొస పట్టుకున్నవాడు. మాట తక్కువ. అన్న ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. తిట్టినా "ఊఁ", మెచ్చుకున్నా "ఊఁ". షెడ్డు వెనక గదిలో మేస్త్రి తన ఘనకార్యాలు ఏకరువు పెడుతుంటే గోడవైపు తిరిగి పడుకునే "ఊఁ" కొట్టేవాడు. పెళ్ళయి వేరే గదికి మారాక కూడా పొద్దున్నే వచ్చి, నిన్న ఆగిన కథ దగ్గర మళ్ళీ "ఊఁ" అందుకునేవాడు.

ముప్పయ్యో బండి ఒక రాళ్ళ క్వారీలో ఉండేది. షెడ్డులో అట్ట పరిచి, తమ్ముడు పలకకు పన్నెండు బెజ్జాలు వేశాడు. పలకనూ అట్టనూ లారీలో అంత దూరం మోసుకెళ్ళి, పలకను బండి వీపుకు ఆనిస్తే నాలుగు బెజ్జాలు కలవలేదు. కుడివైపువి ఎడమకు, ఎడమవి కుడికి పడ్డాయి. రిప్పరు తగిలించే కొక్కేలు అప్పటికే పలక బయటి వైపున అతికి ఉన్నాయి, తిరగేసి బిగించే వీల్లేదు. యజమానితోపాటు ముప్పైమంది పనివాళ్ళు చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఒకడు ఫక్కున నవ్వాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

"అట్ట తిరగేసి వేశావురా! ఇన్నేళ్ళు నా వెంట తిరిగి అట్ట పరచడం కూడా రాని దద్దమ్మవి!"

తమ్ముడు ఆ ఒక్కసారి "ఊఁ" అనలేదు. అట్టను చేతిలోకి తీసుకుని ఒకసారి చూశాడు. మడత పెట్టి అన్నకిచ్చాడు. డీజిలుతో చేతులు కడుక్కుని రోడ్డెక్కి వెళ్ళిపోయాడు. మేస్త్రి ఒంటరిగా తొమ్మిది రోజులు కూర్చుని, తప్పుడు బెజ్జాలు వెల్డింగుతో పూడ్చి, కొత్తవి వేసి, పలక బిగించి చూపించాడు. "ముప్పయ్యోది ఒంటి చేత్తో" అని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

అది జరిగి పదకొండేళ్ళు. ఆ తర్వాతి పదకొండు బండ్లూ ఒంటిగానే బిగించాడు. పైనుంచి గొలుసుకప్పీ పలకను మోస్తుంది. కింద చెక్క చీలికలు ఆపుతాయి. మనిషి ఒక వైపు తోసి, బండి చుట్టూ తిరిగి వచ్చి, రెండో వైపు చూసుకోవాలి. తమ్ముడుంటే ఒక్క "ఊఁ"తో అయిపోయే పనికి పదిసార్లు ప్రదక్షిణం. పని మీద బయలుదేరేటప్పుడు షెడ్డు తలుపు మీద సుద్దతో తిరిగొచ్చే తేదీ రాయడం ఆయనకలవాటు. చదివేది ఎదురుగా టీ కొట్టు ఆవిడ ఒక్కతే. తిరిగొచ్చాక చెరిపేదీ ఆయనే.

ఈ మార్చి మొదట్లో ఫోనొచ్చింది. ముప్పయ్యో బండి ఇప్పుడు వేరే యజమాని చేతిలో ఉంది. "మీ పలక పగిలింది మేస్త్రీ. పూడ్చిన బెజ్జాల వెంబడి, గీత గీసినట్టు పగిలింది" అన్నాడు కొత్తాయన. నలభై ఒక్క పలకల్లో పగిలింది అదొక్కటే. కొత్త పలక చేసుకొస్తానని మేస్త్రి మాటిచ్చాడు. ఒప్పుకున్నాడే గాని, కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. "ఒంటి చేత్తో" అన్న మాట ఇప్పుడు నిజంగా ఒంటి చెయ్యే అయింది.

అటక మీద అట్టల చుట్టలున్నాయి. ఇంకొకరి ఇంట్లో ఫొటోలున్నట్టు ఆయనకు బండ్ల వీపులున్నాయి. ముప్పయ్యోది ఆనాటి కోపంలో తీగ చుట్టి పారేసింది. మళ్ళీ విప్పలేదు. ఇప్పుడు విప్పి నేల మీద పరిచాడు. గ్రీజు రెండు వైపులా ఇంకి, ఏది లోపలో ఏది బయటో కంటికి తెలియడం లేదు. "బయట" అనే రాత పైకే ఉంది. తన రాతే. అలవాటుగా బొటనవేలితో బెజ్జం అంచు తడిమాడు. గుంట తగలాల్సిన చోట బొడిపె తగిలింది.

పక్క బెజ్జం తడిమాడు. బొడిపె. పన్నెండూ తడిమాడు.

అట్టను బండి మీదనుంచి ఊడదీసి నేల మీద పెట్టినప్పుడు బోర్లా పడుంటుంది. చూసుకోకుండా లోపలి వైపున "బయట" అని రాసింది తనే. తమ్ముడు ఆ రాతను నమ్మాడు.

టీ కొట్టు ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి మేస్త్రి నేల మీదే కూర్చుని ఉన్నాడు.

"ఏంటి మేస్త్రీ, అట్టతో మంతనాలాడుతున్నావు? ఏమంటుంది?"

"నా మీదే చెబుతోంది."

"పోన్లే, ఎవరో ఒకరు నీతో మాట్లాడుతున్నారుగా!"

ఆవిడ నవ్వింది గాని ఆయన నవ్వలేదు. ఆ అట్టను పొయ్యిలో పెట్టి, కొత్త అచ్చు తీసుకుంటే ఎవరికీ తెలీదు. ముప్పయ్యోది ముప్పయ్యోదిగానే ఉంటుంది. నిజం చెబితే పదకొండేళ్ళ గొప్ప ఒక్క మాటతో ఊడిపోతుంది. చెప్పకపోతే రెండో కొస పట్టుకోమని తమ్ముణ్ణి ఏ మొహంతో అడుగుతాడు? టీ చల్లారిపోయింది. తలుపు మీద పదహారో తేదీ అని రాసి, అట్ట చుట్ట చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

తమ్ముడు మూడు గంటల దూరంలో నీళ్ళ పంపుహౌసు చూసుకుంటూ అక్కడే కాపురముంటున్నాడు. తలుపు తీసింది మరదలు.

"దారి తప్పారా బావగారూ?" అంది. పక్కకు మాత్రం తొలగింది.

తమ్ముడు లోపల మోటారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తల సగం నెరిసింది. మేస్త్రి అట్ట విప్పి వాడి ఒళ్ళో పెట్టాడు.

"తడిమి చూడరా."

తమ్ముడు తడమలేదు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అక్కడే తడిమాను. మడత పెట్టేటప్పుడు."

మేస్త్రి మోటారు దిమ్మె మీద చతికిలబడ్డాడు. "మరి అప్పుడే నా మొహాన కొట్టలేకపోయావా?"

"ముప్పైమంది ముందా?"

అంతే అన్నాడు. ఇంకో మనిషైతే పదకొండేళ్ళ కోపమంతా అక్కడే కుమ్మరించేవాడు. మేస్త్రి అదే కోరుకున్నాడు కూడా. తిట్టరా అన్నాడు. తమ్ముడు మోటారు మీటరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తప్పు నాదేరా. నువ్వు సరిగ్గానే వేశావు."

తమ్ముడు అట్టను మళ్ళీ చుట్ట చుట్టాడు.

"భుజం లేవట్లేదు. ఆ బండికే మళ్ళీ పలక వెయ్యాలి. వస్తావా?"

తమ్ముడు స్టూలు మీంచి లేచాడు. "ఈ ఒక్క బండికే. తర్వాత నన్నడగొద్దు. అచ్చు అక్కడే కొత్తగా తీద్దాం. పలక కూడా అక్కడే కోయిద్దాం. అట్ట మీద నేను రాస్తా."

"ఊఁ" అన్నాడు మేస్త్రి.

గుమ్మంలో నిలబడ్డ మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆయన చూడలేదు. ఆ ఒక్క బండి అయ్యాక షెడ్డు మళ్ళీ అదే షెడ్డు, గది అదే గది. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలుసు.

బయటికొచ్చి టీ కొట్టుకు ఫోను చేశాడు.

"ఇదిగో అమ్మా, తలుపు మీద తేదీ చెరిపి వేరేది రాయాలి."

"ఏం, అప్పుడే ఇంకో ఘనకార్యమా? నలభై రెండోదా?"

"కాదు. నలభై ఒకటి కూడా కాదు. నలభయ్యే. ముప్పయ్యోది లెక్కలోంచి తీసెయ్."

"అదేంటి, ఒంటి చేత్తో అన్నావుగా?"

"వచ్చాక చెబుతా. నువ్వు సుద్ద తీసుకో."

ఆవిడ రోడ్డు దాటుతున్న చప్పుడు, సుద్ద కీచుమన్న చప్పుడు ఫోనులో వినిపించాయి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, గట్టిగా చదివి వినిపించింది: "వెనక మేస్త్రి తమ్ముడితో కలిసి పని మీద వెళ్ళాడు. తిరిగొచ్చేది మార్చి ఇరవై మూడు, ఆదివారం."