బిళ్ళగన్నేరు రసం

2005లో నా మెడపక్కన లేచిన గడ్డలను లింఫోమా అన్నారు. దుబాయ్ ఆసుపత్రిలో నరానికి ఎక్కించే మందుల్లో ఒకటి బిళ్ళగన్నేరు నుంచి తీసిన ఆల్కలాయిడ్ అని గోదావరి జిల్లా నర్సు చెబితే ఆశ్చర్యపోయాను. సత్వా ప్రాంతంలో మేముండే పాత విల్లా గేటు పక్కన, రోడ్డు మధ్య డివైడర్లలో, ఎక్కడ చూసినా అవే పూలు. మందును ఇంత దగ్గర మొలిపించినందుకు అల్లాకు షుక్ర్ చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి అదే చెప్పాను. మా ఆయన అక్క, మాతో ఉండే ఆపా, షుగరుకు రోజూ ఆ ఆకులు నమిలే మనిషి.

"ఏందిమే, గేటుకాడ ఊరికే దొరికేదానికి సూదులు పొడిపించుకుంటా ఉండావా? జుట్టంతా పోయె. ఇంక ఆసుపత్రి ఖలాస్!"

మందుకు నా వేళ్ళ కొసలు మొద్దుబారాయి. దర్జీ పని చేసే మా ఆయనకు కాజాలు కుట్టిచ్చేదాన్ని, సూది చేతిలో నిలవడం మానేసింది. జపం చేసుకునే తస్బీలో పూస కదిలిందో లేదో తెలిసేది కాదు. ఆయనా ఆపా మాటకు మెత్తబడ్డాడు. "సూది ఆపి, కొన్నాళ్ళు రసం తాగి చూడరాదా?"

నర్సునడిగాను. "బస్తాల ఆకుల్లోంచి చిటికెడు మందు కూడా రాదక్కా. దాన్నే కొలిచి ఎక్కిస్తాం. గ్లాసు రసంలో ఏది ఎంతుందో ఎవరికి తెలుసు? తాగారో, ముందు నాతో తిట్లు తింటారు."

మరునాడు ఆపా గ్లాసెడు పచ్చటి రసం తెచ్చింది. మౌల్వీగారితో ఖురాన్ ఆయతులు చదివించి, దాని మీద ఊదించి దమ్ చేయించి మరీ తెచ్చింది.

"ఇది కాదంటే ఖురాన్ని కాదన్నట్టే."

నేను బడికి పోలేదు. ఆ ఆయతులు తాత ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పాడు. వాటితోనే నన్ను బెదిరిస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

"మీ దువా నెత్తిన పెట్టుకుంటా ఆపా. రసం తాగను, సూది మానను. ఆ మందూ అల్లా పుట్టించిందే."

"పెద్దదాన్ని, నా మాటకు లెక్కలేదా?"

"ఉంది. అందుకే సింకులో పారబోయలేదు."

దమ్ చేసినదాన్ని కాళ్ళు పడేచోట పోయకూడదు, మొక్క మొదట్లో పోయాలి. వేళ్ళను నమ్మలేక గ్లాసును రెండు చేతులతో పట్టుకుని గేటుదాకా నడిచి, బిళ్ళగన్నేరు మొదట్లోనే పోశాను.

"దాని రసం దానికే తాపిస్తివి గదమే!" అంది ఆపా గుమ్మంలోంచి. మా ఆయన నవ్వు దాచుకుంటూ టాక్సీ పిలవడానికి రోడ్డెక్కాడు. ఆ రోజు సూది రోజు.

గడ్డలు కరిగాయి. వేళ్ళలో మొద్దు కొంచెం మిగిలింది. తస్బీని ఇప్పటికీ కళ్ళతో చూసి తిప్పుతాను. షుక్ర్ మాత్రం ఒక్క పూస తగ్గించలేదు.