కోరుట్ల నుంచి సూరత్ నూనె బావి దాకా

మా ఆయనను ఇంటికి తీసుకురావాలని నేను సూరత్ బయలుదేరాను.

పెళ్లయి రెండేళ్లయినా మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. నేను కోరుట్ల దగ్గరి ఊళ్లో బడిపంతులమ్మను. ఆయన పేరు సుధాకర్, పంపుల ఇంజనీరు. సూరత్ పక్కన కొత్తగా పెట్టిన ఒక చిన్న నూనె కంపెనీలో పనిచేస్తున్నాడు. దీపావళికి వస్తానన్నాడు, రాలేదు. ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "ఈ ఒక్క బాయి అయిపోనీ." ఇంతలో మా దగ్గరి చక్కెర ఫ్యాక్టరీలో ఆయనకు సరిపోయే ఉద్యోగం ఖాళీ అయింది. ఈ సంగతి ఫోన్‌లో చెబితే తేలేది కాదనిపించి, జనవరిలో బడికి సెలవు పెట్టాను.

కోరుట్లలో పొద్దున ఏడింటి బస్సు ఎక్కితే మధ్యాహ్నం లోపే నిజామాబాద్ చేరుతాం. అక్కడి నుంచి మన్మాడ్ రైలు. మన్మాడ్‌లో తెల్లారుతుండగా దిగి, బండి మారి జల్గావ్ వెళ్లి, అక్కడ సూరత్ పాసింజర్ పట్టుకోవాలి. ఈ దారిన వెళ్లేవాళ్లు చద్దరు తప్పక పెట్టుకోండి, మన్మాడ్ ప్లాట్‌ఫాం మీద చలి ఎముకల్లోకి దిగుతుంది. జల్గావ్‌లో అరటిపండ్లు కొనకుండా బండి ఎక్కకండి.

సూరత్ పాసింజర్‌లో నా ఎదుటి సీట్లో మెట్‌పల్లి నుంచి వస్తున్న భార్యాభర్తలు కూర్చున్నారు. భర్త సూరత్‌లో మరమగ్గాలు నడుపుతాడట. ఆమె నాకు సద్దరొట్టె, మిరపకారం పెట్టి మాట కలిపింది.

"సూరత్‌ల నీకెవలున్నరు చెల్లె?"

"మా చిన్నమ్మోళ్లు ఉన్నరు. మా ఆయన ఆయిల్ కంపెనీల చేస్తడు."

"గానుగనా? పల్లినూనెనా, నువ్వులనూనెనా?"

నేను నవ్వాను. భూమిలోంచి తీసే నూనె అని చెప్పాను. ఆమె రొట్టె తుంచుతూ, "మా కాడ భూమిల నీళ్లే ఎల్లుతలేవు," అంది.

ఆ పాసింజర్ ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది. నవాపూర్‌లో సగం ప్లాట్‌ఫాం మహారాష్ట్రది, సగం గుజరాత్‌ది. జనం దిగి రెండు రాష్ట్రాల్లో చెరో కాలు పెట్టి నవ్వుకుంటారు. నేనూ దిగాను గాని, పక్కన నవ్వడానికి మనిషి లేక ఒక చాయ్ తాగి ఎక్కేశాను.

చీకటి పడేలోపు ఉధనా స్టేషన్‌లో దిగాను. సూరత్‌కు ముందు స్టేషన్ అది. మనవాళ్లు ఎక్కువగా అక్కడే దిగుతారు. చిన్నమ్మ, ఆమె కూతురు రజిత వచ్చారు. మా ఆయన రాలేదు. రేపు పెద్ద పని ఉందనీ, పొద్దున నన్నే ఇచ్ఛాపూర్‌లోని కంపెనీ యార్డుకు రమ్మనీ చిన్నమ్మ వాళ్ల పక్క దుకాణానికి ఫోన్ చేసి చెప్పాడట. వేల మంది దిగుతున్న ఆ ప్లాట్‌ఫాం మీద ఆయన కోసం వెతికిన నా కళ్లకు సిగ్గేసింది.

చిన్నమ్మ వాళ్ల గదికి అటూ ఇటూ మగ్గాల షెడ్లే. ఆ చప్పుడులో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. "రెండు దినాలల్ల అలవాటైతది బిడ్డా," అంది చిన్నమ్మ, అన్నం వడ్డిస్తూ.

పొద్దున రజిత నన్ను బయలుదేరదీసింది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. "జల్ది చలో అక్కా, మోడు అయితది. బావ బాయికాడికి ఎళ్లిపోతే దొర్కడు," అంది. మోడు అంటే గుజరాతీలో ఆలస్యమట. సూరత్ స్టేషన్ దాకా ఆటోలో వచ్చి, నన్ను ఇచ్ఛాపూర్ బస్సు ఎక్కించి, తను కాలేజీకి వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీ పనివాళ్లతో కిక్కిరిసిన బస్సు అది. యార్డు గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. మాసిన నారింజ రంగు దుస్తుల్లో మొదట గుర్తుపట్టలేదు.

"అచ్చినవా?" అన్నాడు. నా సంచీ అందుకున్నాడు. అంతే. చుట్టూ మనుషులున్నారు.

జీపులో బావి వైపు వెళ్తూ, ఏం జరగబోతోందో చెప్పాడు. కింద రాతిలో నూనె ఉంది గాని రాయి మరీ గట్టిది, నూనె కదలదు. పెద్ద పంపులతో చిక్కటి నీళ్లను లోపలికి తోస్తే రాయి చీలుతుంది. ఆ చీలిక మళ్లీ మూసుకోకుండా నీళ్లతోపాటు ఇసుక పంపుతారు. ఇన్నాళ్లూ ఈ పనికి విదేశీ బృందాన్ని పిలిచేవారు. వాళ్లు తమ లారీల చుట్టూ తాడు కట్టి, మనవాళ్లను అవతల నిలబెట్టి, పని ముగించుకుని వెళ్లిపోయేవారు. అందుకే కంపెనీ పాత పంపు లారీలు కొని, పదిమంది కుర్రాళ్లతో సొంత బృందం కట్టింది. మొదటిసారి చేసినప్పుడు ఇసుక బావిలోనే గడ్డకట్టింది.

"ఇయ్యాల గూడ గట్లయితే?" అడిగాను.

"మల్ల బయటోళ్లనే పిలుస్తరు. మా టీమును తీసేస్తరు."

అయితే ఇంటికి వస్తాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ సంగతి సాయంత్రం చెబుదామని ఊరుకున్నాను.

చెరుకు తోటల మధ్య చదును చేసిన నేల మీద లారీలు వరుసగా ఉన్నాయి. బృందానికి పెద్ద రావల్ సాబ్ అనే గుజరాతీ ముసలాయన. "ఇంత దూరం వచ్చింది, చూడనీ," అని హిందీలో చెప్పి, దూరంగా ఒక రేకుల షెడ్డు నీడన నాకు కుర్చీ వేయించాడు. తొట్టిలో తెల్లటి గంజిలాంటిది కలుపుతున్నారు. అది గోరుచిక్కుడు గింజల పిండి అని మా ఆయన చెబితే నమ్మలేదు. మనం కూర వండుకునే గోరుచిక్కుడే! వేలు ముంచి చూశాను, జిగురుగా సాగింది.

పంపులు మొదలయ్యాక నేల అదిరింది. మగ్గాల చప్పుడు దీని ముందు ఎంత! ఆయన ఒత్తిడి చూపించే గేజి ముందు నిలబడ్డాడు. కాసేపటికి ఎవరో కేక వేశారు, రాయి చీలిందని. ఇసుక పంపడం మొదలైంది. ఆ తర్వాత ఏదో తేడా వచ్చింది. మనుషులు అటూ ఇటూ పరుగెత్తారు. రావల్ సాబ్ చేతులు ఊపుతున్నాడు. ఒత్తిడి పెరిగిపోతోందనీ, పోయినసారి ఇలాగే చెడిందనీ నా పక్కనున్న డ్రైవర్ చెప్పాడు.

పని చెడితే నా మనిషి నాతో రేపే రైలెక్కుతాడు. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. కాని గేజి ముందు బిగుసుకుపోయిన ఆయన వీపు చూస్తూ నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెడిపోవద్దు, చెడిపోవద్దు అని గొణుగుతున్నాను. ఆయన చెయ్యెత్తి ఏదో అరిచాడు. ఇసుక తగ్గించారు. పంపుల హోరు కాస్త దిగింది. అందరూ గేజినే చూస్తున్నారు. కొంతసేపటికి ఒత్తిడి నెమ్మదిగా తగ్గి నిలబడింది. మిగతా ఇసుకంతా లోపలికి వెళ్లింది.

పంపులు ఆగిన నిశ్శబ్దంలో చెరుకు ఆకుల గలగల వినిపించింది. కుర్రాళ్లు రావల్ సాబ్‌ను ఎత్తుకున్నారు. మా ఆయన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చేతులనిండా జిగురు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

సాయంత్రం ఇద్దరం తాపీ నది ఒడ్డుకు వెళ్లాం. చలికాలం అక్కడ పోంక్ అమ్ముతారు, కాల్చి కొట్టిన లేత జొన్నగింజలు. మన ఊచబియ్యమే. నిమ్మరసం, సేవ్ అనే సన్న కారప్పూస కలిపి ఇచ్చారు. ఒక్క పొట్లంలోంచి ఇద్దరం తిన్నాం. అప్పుడు చక్కెర ఫ్యాక్టరీ సంగతి చెప్పాను. దాచడం ఇష్టం లేకపోయింది.

ఆయన పొట్లం నా చేతిలో పెట్టాడు. "నువ్వు రమ్మంటె అస్తనే," అన్నాడు.

"నేను రమ్మంట లేను. చెప్పిన, గంతే."

"నిన్ను బడి ఇడిచిపెట్టమని నేను గూడ అడుగను."

"తెల్సు."

ఇంకా నాలుగు బావులున్నాయట. ఎండాకాలం సెలవులకు నన్ను రమ్మన్నాడు, యార్డు దగ్గర గది చూస్తానన్నాడు. మరునాడంతా నాతోనే ఉన్నాడు. ఆ మరునాడు ఉధనాలో కిటికీ సీటు వెతికి కూర్చోబెట్టి, సంచీ పైన పెట్టి, బండి కదిలాక కూడా కిటికీ ఊచ పట్టుకుని ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచాడు.

సూరత్ గురించి ఎవరైనా అడిగితే, చూడదగ్గ ఊరనే చెబుతాను. మనవాళ్లు అన్నం పెడతారు, తోడుగా వస్తారు. తిరుగు ప్రయాణమే కష్టం. నందుర్బార్‌లో ఎక్కిన ఒక మరాఠీ పెద్దావిడ నా పక్క ఖాళీ చూపించి, ఎవరైనా వస్తారా అని అడిగింది. లేదని చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆమె కూర్చుంది. నాకు వెనక్కి సూరత్ వెళ్లాలని లేదు, ఆయన ఆ పని వదిలి రావాలనీ లేదు. ఇంటిదాకా ఆయన ఈ సీట్లో కూర్చుని ఉంటే బాగుండునని మాత్రం, కిటికీ వైపు తిరిగి, జల్గావ్ వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.