అరచేతిలో రాసిన తూము

మా బిడ్డ ఇక లేదని దవాఖాన నుంచి మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను జనగామ బస్టాండ్ బయట పూలు కడుతున్నాను. విషజ్వరం అన్నారు. గ్లాసెడు జావ తాగిందని పొద్దున చెప్పిన మనిషే మధ్యాహ్నం ఆ మాట చెప్పాడు. దారం నా వేలికి చుట్టుకొని ఉంది. విప్పుకోవడం చేతకాలేదు.

ఆమెతో చదివిన పిల్లలు ఆమె గుర్తుగా చిన్న పుస్తకం వేస్తున్నారట. "నీకు వచ్చినట్టే రాయి అమ్మా" అన్నారు. ఏడో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే మీరే సర్దుకొని చదవండి.

మానుకోటలో మా అక్క ఇంట్లో ఉండి డిగ్రీ చేసిన పిల్ల, యూనివర్సిటీలో కంప్యూటర్ మీద పటాలు చేసే చదువులో చేరింది. జీఐఎస్ అంటారు. అదేందో చెప్పమంటే నా పూలబుట్ట ముందు కూర్చుంది.

"బతుకమ్మ పేర్చినట్టే అమ్మా. చెరువులు ఒక వరుస, బాటలు ఒక వరుస, ఇండ్లు ఒక వరుస. ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఊరు అయితది."

"మరి మనుషులు ఏ వరుసల ఉంటరే?"

"గది మా సారు ఇంక చెప్పలే" అని నవ్వింది.

బస్సెక్కితే చాలు, "ఇప్పుడు ఉత్తరం దిక్కు తిరిగినం" అని చెప్పేది. నేను అడగకపోయినా చెప్పేది.

అప్పటికే తెలంగాణ కోసం ఊరూరా కొట్లాట నడుస్తోంది. క్లాసులు సగం రోజులు బందే. మా బిడ్డ పొద్దున దీక్ష శిబిరంలో కూర్చొని, సాయంత్రం ల్యాబు తెరిచి ఉందేమో చూసుకునేది. చదువు ముగియాలంటే ఒక ఊరి పటం చెయ్యాలి. భూపాలపల్లి అవతల, బొగ్గు గని దగ్గరి గూడెం ఎంచుకుంది. చేతిలో పట్టే మిషన్ ఒకటి ఇచ్చారు. ఆకాశం కింద దాన్ని పట్టుకొని కదలకుండా నిలబడితే, మనం భూమ్మీద ఎక్కడున్నామో అంకెల్లో చూపిస్తుంది. ఇంటింటి ముందు, బాట పొడుగునా అట్లా నిలబడి ఇండ్లన్నీ, బాటనూ పటంలో పెట్టింది.

ఆ పటాన్ని గూడెం వాళ్లకు చూపించడానికి పోయిన రోజు బస్సులు బందు. ఒక్కదాన్ని పంపలేక నేనూ వెంట పోయాను, ఆటోలు మారుకుంటూ.

పటం విప్పగానే అందరూ ముసిరారు.

"గీ ఎర్రగీత ఏందే?"

"గని హద్దు."

"మరి మా ఇండ్లు?"

ఇండ్లన్నీ ఎర్రగీత లోపల ఉన్నాయి.

ఒకాయన ఆమె సంచి లాక్కున్నాడు. "మా రాష్ట్రం మాకు గావాలె అని గాడ కూసుంటవ్, గీడికొచ్చి మా ఇండ్లు గనిల కలుపుతవా? ఎవరు పంపిన్రు నిన్ను?" ఒకామె మిషన్ గుంజుకొని కొంగున ముడేసింది.

"ఆడపిల్ల, చెయ్యి ఎయ్యకుండ్రి!" అని నేను అడ్డం పోయాను.

మా బిడ్డ మాత్రం పటం వైపే చూస్తోంది. "అమ్మా, బాట చెరువులకు పోయింది సూడు" అంది. నిజమే. మేము నడిచి వచ్చిన బాట పటంలో నీళ్ల మీద ఉంది.

చెరువు, గని హద్దు పాత పటంలోవి. వాటి లెక్క ఒకటి, మిషన్ లెక్క ఇంకొకటి. రెంటినీ ఒకే లెక్కలోకి మార్చకుండా పేర్చేసరికి ఇండ్లన్నీ, బాటా ఒక పక్కకు జరిగాయి. ఆమె దాచలేదు.

"తప్పు నాదే పెద్దమ్మా. పేర్చుడుల తప్పు చేసిన. రేపు సరిచేసి తెస్త. మిషన్, సంచి మీకాడనే ఉంచుకోండ్రి. చెరువు తూము పాత పటంల గుడ ఉన్నది. గాడ మిషన్ తోటి ఒక్కసారి నిలబడనియ్యండ్రి, రెండు లెక్కలు కలుపుకుంట, గంతే."

"రేపు రాకుంటే?"

"మిషన్ అమ్ముకోండ్రి."

"గీ డబ్బ ఎవడు కొంటడే?" అంది కొంగున ముడేసినామె. ఎవరో నవ్వారు. ఆ నవ్వులోనే దారి దొరికింది.

తూము మీద మిషన్ పట్టుకొని నిలబడి, చుట్టూ మూగిన వాళ్లనే "జర కదలకుండ్రి" అని గదిమింది. కాగితాలు సంచిలో ఉన్నాయి. సంచి లాక్కున్నాయన జేబులోని పెన్నే అడిగి తీసుకొని, అంకెలు నా ఎడమ అరచేతిలో రాసింది. మిషన్ మళ్లీ కొంగున ముడేసినామెకే ఇచ్చింది.

"ల్యాబుకు పోయేదాక చెయ్యి కడుగకే అమ్మా. చెమట పట్టనియ్యకు."

చెమట మన మాట వింటుందా? విప్పి ఊదుకుంటూ, మళ్లీ మూసుకుంటూ కూర్చున్నాను. దారిలో పోలీసులు ఆటో ఆపారు.

"పిడికిట్ల ఏముందమ్మా? రాయా?"

"మా బిడ్డ చదువు సారూ."

విప్పమన్నాడు. "ఫోన్ నంబరా?"

"తూము నంబరు" అంది మా బిడ్డ. ఆయన మమ్మల్ని వింతగా చూసి పొమ్మన్నాడు.

ల్యాబులో నా చెయ్యి కంప్యూటర్ పక్కన పెట్టించింది. ఒక అంకె అలుక్కుపోయింది. మూడో, ఎనిమిదో. మూడు పెడితే బాట నీళ్లలోనే ఉంది. ఎనిమిది పెడితే చెరువు కట్ట ఎక్కింది. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు.

మరునాడు తీసుకుపోయిన పటంలో గూడెం ఎర్రగీతకు బయట ఉంది. ఒక్క చేను ఎడం, అంతే.

"ఇగ మాకు భయం లేదా బిడ్డా?" అని అడిగింది మిషన్ దాచినామె.

"గీత జరుగదని నేను చెప్పలేను పెద్దమ్మా. మీ ఇండ్లు యాడున్నయో గాడనే ఉన్నయి. ఎవరన్న అడిగితే గిది చూపెట్టుండ్రి."

ఆమె ముడి విప్పి మిషన్ చేతిలో పెట్టింది.

"తెలంగాణ వస్తే పటాలన్నీ కొత్తగ గీయాలె అమ్మా, గప్పుడు నాకు చేతినిండ పని" అనేది మా బిడ్డ. తెలంగాణ ఇంకా రాలేదు. ఆమె పోయింది.

మట్టి వేసి ఇంటికి వచ్చాక మా తమ్ముడు గడప బయటికి చెంబుతో నీళ్లు తెచ్చాడు. "చేతులు కడుక్కో అక్కా" అన్నాడు. కుడిచెయ్యి చాపాను. ఎడమచెయ్యి పిడికిలి పట్టి కొంగులో దాచుకున్నాను. వాడు చెంబు వంచి అలాగే నిలబడ్డాడు.