పోపుల పెట్టెలో కార్బ్యురేటరు

“ఆ దున్నపోతును రేపు పొద్దున పాతసామాన్ల ఆయప్ప తూకానికేసుకోని పోతాడు. నేను చెప్పేసి వచ్చినాను.”

“నా బండిని తూకానికెయ్యమని చెప్పేదానికి నువ్వెవరే?”

“వాకిలి ఊడ్చేదాన్ని. దాని నూనె మరకలు తుడిచేదాన్ని. దాని పొగకు నల్లబడిన వడియాలు దులిపేదాన్ని. ఇంగ ఎవురుండాల?”

“దానికి పెద్ద రోగమేమీ లేదు. కార్బ్యురేటర్లో చిన్న చిక్కుండాది, అంతే.”

“ఆ మాట మీరు అనబట్టి పదైదు దినాలైంది. కార్బ్యురేటరంటే బండికి ముందర ఉంటాదా ఎనక ఉంటాదా, అది చెప్పండి చాలు.”

“మధ్యలో ఉంటాది! రేపు పొద్దున లోపల స్టార్టు చేసి చూపిస్తా. చేస్తే ఏం చేస్తావు?”

“చేస్తే నేను ఎనకాల కూర్చోని బజారంతా ఒక చుట్టు చుట్టొస్తా, పోండి!”

అనేశాను. మాట నోరు దాటిపోయాక గానీ ఎంత మాట అన్నానో తెలియలేదు. ఆ మోటార్ సైకిలు మా ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు. తన్నితే గానీ కదలని దాన్ని నమ్మి ఎక్కకూడదని మొదటి రోజే చెప్పాను. ఇప్పుడు అది కదిలితే నేను ఎక్కాలి, కదలకపోతే అది పాతసామాన్ల బండి ఎక్కాలి.

ఆండర్సన్‌పేటలో మా ఇంటికి ముందర కిరాణా అంగడి, వెనక కాపురం. బంగారు గనులు గవర్నమెంటు చేతికి వచ్చిన చాలా ఏళ్ళ తర్వాతి మాట ఇది. గనిలో పని విరమించి సొంత ఊరు పోతున్న ఒకాయన దగ్గర మా ఇంటాయన ఆ బండి కొన్నారు. ముళబాగిలు మండీ నుంచి చింతపండూ బెల్లమూ తెచ్చేదానికని నాతో అన్నారు. నిజం అది కాదు. పెండ్లికి ముందు నుంచీ ఆయనకు మోటార్ సైకిలు మీద ఆశ. బండి దడదడమంటూ వీధిలోకి వస్తుంటే మనిషి రెండంగుళాలు పొడవయ్యేవారు. దానితో పాటు ఒక పుస్తకం కూడా వచ్చింది. అంతా ఇంగ్లీషు. మా ఇద్దరి చదువూ కలిపినా ఆ అట్ట కూడా దాటలేము. బొమ్మలున్నాయి గనుక ఆయన రోజూ ముందర పెట్టుకుని కూర్చునేవారు.

ఆ రోజు ఆదివారం, అంగడికి సెలవు. పోట్లాట అయిన వెంటనే ఆయన లుంగీ ఎగగట్టి వాకిట్లో దినపత్రిక పరిచి, పుస్తకం తెరిచి, కార్బ్యురేటరు ఊడదీయడం మొదలుపెట్టారు. చూద్దును కదా, అరచేతిలో పట్టేంత లోహపు గిన్నె, దాని మీదొక మూత, లోపల ఏవేవో మరలు. దీనికా ఇంత రాద్ధాంతం అనుకున్నాను. ఊడదీసిన ప్రతి మరనూ ఆయన పత్రిక మీద పెడుతున్నారు, గాలి పత్రికను లేపుతోంది, ఒక్కో మర దొర్లి కాలువ వైపు పోతోంది. ఆయన పాక్కుంటూ దాని వెనక పోతున్నారు. నాకు సహించలేదు. లోపలికి పోయి నా పోపుల పెట్టె తెచ్చి ముందర పెట్టాను.

“ఏడు గిన్నెలుండాయి. రెండిట్లో ఏమీ లేదు. వాటిలో వేసి మూతెయ్యండి. దుమ్మన్నా పడకుండా ఉంటాది.”

“నువ్వు నా పక్కమా, బండి పక్కమా?”

“నేను మరల పక్కం. పారేసుకుంటే మళ్ళీ కొనాల కదా.”

అంతలో పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి తల పెట్టారు. ఆయన గనిలో కంప్రెసర్ హౌసులో పనిచేసి విరమించిన మనిషి. భూమి లోపల మరలు తిరగడానికి గాలిని బిగబట్టి పంపించే మిషన్లు అవి. అంత పెద్ద మిషన్లు నడిపినందువల్ల చిన్నవన్నీ తనకు తెలుసునని ఆయన నమ్మకం. నన్ను తంగచ్చీ అనేవారు, తమిళంలో చెల్లెలని.

“తంగచ్చీ, తేలే బుడ్డి ఉంటుంది చూడు, దానికి ఓటైతే పెట్రోలు పొంగిపోతుంది. అది ముందర చూడమను.”

ఆ బుడ్డిని మా ఇంటాయన చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. ఏమీ వినబడలేదు. నాకిచ్చారు, నేనూ ఊపాను. పెద్దాయనకు గోడ మీద అందించాము, ఆయనా ఊపారు. ముగ్గురం కొబ్బరికాయ కొనేవాళ్ళలాగా ఉన్నాము. చివరికి నేనే చెంబుడు వేన్నీళ్ళు తెచ్చి అందులో ముంచాను. ఓటుంటే బుడగలు రావాలి కదా. పప్పుల డబ్బా కొనేటప్పుడు నేను చూసేది అట్లాగే. ఒక్క బుడగ రాలేదు.

“ఓటు లేదు,” అన్నాను.

“అయితే బెజ్జం పూడింది,” అన్నారు పెద్దాయన, కొంచెం కూడా సిగ్గుపడకుండా.

బెజ్జమంటే శనగగింజంత ఇత్తడి మర నడుమ ఉన్న సన్న కన్నం. పెట్రోలు అందులో నుంచే ఇంజనుకు పోతుందట. అది వినగానే నాకు ధైర్యం వచ్చింది. మా పంపు స్టవ్వుకూ అట్లాంటి బెజ్జమే ఉంది. పూడితే నేను రోజూ పిన్నుతో పొడుస్తాను. వెంటనే స్టవ్వు పిన్ను తెచ్చాను.

“వేణ్డామ్, వేణ్డామ్!” వద్దు వద్దని పెద్దాయన గోడ దూకేటట్టు అరిచారు. “పొడిచినావంటే బెజ్జం పెద్దదై పోతుంది తంగచ్చీ. తర్వాత అది పెట్రోలును కుండలతో తాగుతుంది. ఊదమను, ఊదమను.”

కుండలతో అనే మాటకు నా చేతిలోని పిన్ను దానంతట అదే కిందికి దిగింది. మా ఇంటాయన ఆ మర నోట పెట్టుకుని ఊదారు. ఊదే ముందు పీల్చుకోవాలి కదా, పీల్చుకున్నారు. పెట్రోలు చుక్క నాలుకకు తగిలి ఉమ్ముకుంటూ వాకిలంతా తిరిగారు. నేను బెల్లం ముక్క నోట్లో పెట్టి, “మండీకి పోయేదానికి బండి కావాలంటిరి. ఇప్పుడు మీరే పెట్రోలు పోసుకున్నారు, నడిచి పొయ్యి రండి,” అన్నాను.

ఆ గందరగోళంలో ఇత్తడి మర కనబడకుండా పోయింది. పత్రిక దులిపాము. లుంగీ దులిపాము. కాలువ గట్టు చీపురుతో ఊడ్చి, ఊడ్చిన మట్టిని జల్లెడ పట్టాను. దొరకలేదు. ఆయన మెట్టు మీద కూర్చున్నారు. “అది లేకుంటే ఇంగ కథ ముగిసినట్లే,” అన్నారు. నాకు వంట పొద్దు మించిపోతోంది. పోపుల పెట్టె ఎత్తుకుని లోపలికి పోయి చారు పెట్టాను.

భోజనానికి కూర్చున్నాము. రెండో వాయి అన్నంలో చారు కలిపి ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కటుక్కుమంది.

“ఏమే, చారులో రాయుండాది.”

“నా చారులోనా? ఈ ఇంట్లో రాయి తినిన వాళ్ళు ఎవురూ లేరు. మీ పన్నే ఊడిందేమో చూసుకోండి.”

ఆయన నోట్లో నుంచి తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. చూసి, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డారు. పొద్దున దాన్ని ఖాళీ గిన్నెలో వేయబోయి ఆవాల గిన్నెలో వేశారన్నమాట. నేను ఆవాలతో పాటు దాన్నీ నూనెలో చిటపటలాడించి చారులో తిరగబోశాను. తప్పు ఆయనది గనుక నేను తిట్టాను. మర దొరికింది గనుక ఆయన పడ్డారు. గోడవతల పెద్దాయనకు సంగతి తెలిసి, “మంచిదే. నూనెలో వేగింది కదా, బెజ్జంలో చెత్త ఇంక ఏముంటుంది?” అన్నారు.

జిడ్డు పోయేదాకా పెట్రోలుతో కడిగి, మధ్యాహ్నమంతా మళ్ళీ బిగించారు. అంతా అయ్యాక మెంతుల గిన్నెలో ఒక స్ప్రింగు మిగిలింది. మళ్ళీ ఊడదీశారు. నేర్చుకునేవాళ్ళం ముగ్గురమే గానీ తప్పులు పదిమందివి చేశాము.

సాయంకాలం అయిదున్నరకు తన్నడం మొదలైంది. పదకొండో తన్నుకు బండి దడ్‌దడ్‌మంది. ఆయన నా వైపు తిరిగి నవ్వారు. చేత్తో కొంచెం పిడి తిప్పారు. అంతే, ఉక్కిరిబిక్కిరై, దగ్గి, బొగ్గులాంటి నల్లపొగ నా దండెం మీది తెల్లగుడ్డల మీదికి వదిలి ఆగిపోయింది. మళ్ళీ తన్నారు. మళ్ళీ అదే తీరు. వట్టిగా ఉంటే ఒక్క క్షణం ఊపిరి పోసుకుంటుంది, పిడి తిప్పితే చచ్చిపోతుంది. ప్లగ్గు ఊడదీస్తే పెనం అడుగులా మసి పట్టి, పెట్రోలుతో తడిసి ఉంది.

పెద్దాయన ప్లగ్గు వాసన చూశారు. ఈసారి మాట్లాడే ముందు వేలితో మసి గీకి చూశారు.

“దీనికి సాపాటు బాగానే పోతూ ఉంది తంగచ్చీ. మూచ్చు లేదు.”

“మూచ్చంటే?”

“ఊపిరి. గాలి. మనిషికి ముక్కూ నోరూ కట్టేసి అన్నం కుక్కితే ఎట్లుంటుంది? అట్లా ఉంది. యాడనో మూతికి అడ్డం పడింది. రేపు వెలుతురులో చూస్తాము.” ఆయన కాఫీకి వెళ్ళిపోయారు.

నేను అప్పుడు వడియాల డబ్బాకు వాసెన కడుతున్నాను. గుడ్డ పరిచి, మూతి చుట్టూ దారం రెండు చుట్లు తిప్పి, ముడి వేయబోతున్నాను. ముడి వేయలేకపోయాను.

మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. గని మట్టి పోసిన సైనైడు దిబ్బలు ఊరి పక్కనే గుట్టల్లా ఉంటాయి. ఆషాఢం గాలికి ఆ మట్టి పిండిలా లేచి ఇంట్లోకి వస్తుంది. అన్నంలో పడుతుంది, కళ్ళలో పడుతుంది. కాబట్టి ఆ నెల పుట్టగానే నేను ఇంట్లో నోరు తెరిచి ఉన్న ప్రతిదానికీ వాసెన కడతాను. నీళ్ళ బానకు, ఊరగాయ జాడీలకు, నూనె డబ్బాలకు. ఆ ఏడాది అట్లా కట్టుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి బండి పక్కనున్న గుండ్రటి డబ్బా మూత తెరిచి ఉంది. లోపల గాలి పీల్చుకునే గొట్టం. దానికి అడ్డంగా ఉండాల్సిన జల్లెడ ఎప్పుడో అటుకుల్లా పొడైపోయింది. నోరు తెరుచుకుని దుమ్ము తింటోంది. పాత చీర ముక్క రెండు మడతలు వేసి, గట్టిగా వాసెన కట్టి, డబ్బా మూత బిగించి లోపలికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ బానకు వాసెన కడితే చెప్పుకుంటామా?

అది మూడు నెలల కిందటి మాట.

చెప్పకుండా ఉంటే నాదే గెలుపు. తెల్లవారితే పాతసామాన్లాయన వస్తాడు, వాకిలి శుభ్రమవుతుంది, బజారులో ఊరేగే పని తప్పుతుంది. వాకిట్లో చూస్తే ఆయన తన భుజం మీది తువాలుతో బండి ట్యాంకు తుడుస్తున్నారు. పంపించే ముందు పెండ్లికూతురి ముఖం తుడిచినట్లు తుడుస్తున్నారు. “తీసుకోని పోనీలే,” అన్నారు నన్ను చూసి. “మాటంటే మాటే.”

ఆయన ఎదురు చెప్పి ఉంటే నాకు సుళువుగా ఉండేది. మా అంగట్లో ఎన్నడూ తక్కెడ కింద వేలు పెట్టలేదు. ఆ రాత్రి నా వేలు అక్కడే ఉన్నట్టు అనిపించింది.

తెల్లవారి ఏడు గంటలకు పాతసామాన్లాయన తోపుడు బండితో, ముల్లు త్రాసుతో వచ్చాడు. నేను కూరగాయల కత్తి తీసుకుని పోయి గుండ్రటి డబ్బా మూత తీసి, దారం కోసి, గుడ్డ బయటికి లాగాను. చమురూ మన్నూ పట్టి అట్టలాగా ఉంది. అయినా ఒక మూల ఎర్ర అంచు కనబడుతూనే ఉంది.

“ఇది నీ చీర కదే?” అన్నారు ఆయన.

“అవును.”

“దీని నోట్లో ఎవురు పెట్టినారు?”

“నేనే. దుమ్ము పోకుండా వాసెన కట్టినాను. ఆషాడంలో.”

ఆయన గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశారు. తిడతారని నిలబడ్డాను.

“మూడు నెల్లుగా ఉతకలేదా?” అన్నారు.

గోడ మీద పెద్దాయన కూడా ఉన్నారు. “మా కంప్రెసరుకు కూడా గుడ్డ ఉండేది తంగచ్చీ. కట్టింది సరే. వారం వారం ఉతకాల,” అన్నారు. స్నానం చెయ్యనిదే పొయ్యి ముట్టని దాన్ని, కాళ్ళు కడగనిదే ఎవరినీ గడప దాటనివ్వని దాన్ని. నా జన్మలో అంత మాట పడలేదు.

మూడో తన్నుకు బండి అందుకుంది. పిడి తిప్పినా ఆగలేదు, నల్లపొగ రాలేదు. పాతసామాన్లాయన మొహం ముడుచుకున్నాడు. రెండు తుప్పు డబ్బాలూ విరిగిన ఇనుప కుర్చీ ఇచ్చి పంపించాము. తర్వాత నేను కొంగు బిగించి, ఒక పక్కకు కాళ్ళు వేసుకుని వెనక కూర్చున్నాను. బజారు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తిరిగి వచ్చాము. బట్టలంగడివాళ్ళు, బంగారంగడివాళ్ళు బయటికి వచ్చి చూశారు. నేను ఎవరి వైపూ చూడలేదు. ఇంటికి వచ్చి ఆ గుడ్డను సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికి దండెం మీద ఆరేశాను. తొమ్మిది గంటలకు అంగడి తీశాము.