పుచ్చుపన్ను తీసుకుపోయిన నాదస్వరం

తిరుచానూరులో ఒక పెళ్ళి. తాళి కట్టే వేళకు మా ఆయన నాదస్వరం ఉన్నట్టుండి ఆగిపోయింది. డోలు వాయిస్తున్న మా అన్న తల తిప్పి చూసి, తానొక్కడే గట్టిగా వాయించి ముహూర్తం గట్టెక్కించాడు. మా ఆయన చెంప పట్టుకొని పక్కకు వచ్చి కూర్చున్నారు. కళ్ళనిండా నీళ్ళు.

ఆ కింది దవడ పన్ను పుచ్చి ఏళ్ళయింది. నొప్పి వచ్చినప్పుడు లవంగం అదిమేవారు, ఉప్పునీళ్ళు పుక్కిలించేవారు. తగ్గగానే మరిచిపోయేవాళ్ళం. పంటి కోసం డాక్టరు దగ్గరికి పోవడం మా ఊరు వడమాలపేటలో మా ఇంటా వంటా లేదు.

ఈసారి తగ్గలేదు. చెంప వాచి, వాపు మెడకు దిగింది. నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. గంజి గొంతు దిగలేదు. తిరుపతిలో డాక్టరు మెడ కింద నొక్కి చూసి, "ఇది ఆబ్సెస్, చీముగడ్డ అమ్మా. లోపలికి దిగతా ఉండాది. ముదిరితే ఊపిరాడదు. ఈడ కాదు, వేలూరు పెద్దాసుపత్రికి తీసకపోండి" అన్నాడు. అన్నా నేనూ ఆయన్ను వేలూరికి పోయే కాట్పాడి రైలెక్కించాం. పడుకుంటే ఊపిరి అందక, దారి పొడుగునా మా అన్న భుజానికి ఆనుకొని కూర్చున్నారు.

వేలూరులో దవడ కింద కోసి చీము తీశారు. పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే మా బోటివాళ్ళకు ఆ మందు దొరకసాగిందట. జ్వరం దిగింది. ఇంటికి పోదామనుకుంటుండగా మళ్ళీ చలిజ్వరం, కోసిన చోట మళ్ళీ చీము. ఎక్స్‌రే తీశారు. అక్కడి పళ్ళ డాక్టరుది మన చిత్తూరే. ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఆస్టియోమైలైటిస్. చీము ఎముకలోకి పోయినాది. చచ్చిన ముక్కను ఆపరేషన్ చేసి తీయాల. పెదవికి పోయే నరం ఆ ఎముకలోనే ఉండాది. కింది పెదవికి స్పర్శ పోవచ్చు."

మా ఆయన తల అడ్డంగా ఆడించారు. బిగిసిన దవడతోనే, "వద్దు సార్. పెదవి పోతే ఊదలేను. ఊదలేకపోతే నేనెవురు?" అన్నారు.

డాక్టరు వెళ్ళాక మంచం అంచున కూర్చున్నాను. ఆయనకు ఎదురు చెప్పడం నాకదే మొదలు.

"నువ్వు ఊదతావని నీతో కాపరం చేసినానా అయ్యా? నాకు నువ్వు కావాల. మనిషివి ఉంటే సాలు."

ఆయన నా చెయ్యి పట్టుకొని, "డాక్టర్ని పిల్సు మే" అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. జ్వరం మళ్ళీ రాలేదు. కింది పెదవి మాత్రం ఒక పక్క మొద్దుబారిపోయింది. ఊరికి వచ్చాక ఒక పొద్దున ఆయన నాదస్వరం పీకను నోట పెట్టుకున్నారు. గాలి పక్కనుంచి పోయింది. చొంగ కారుతున్నా ఆయనకు తెలియలేదు. నేను కొంగుతో తుడిచాను.

ఇప్పుడు ఆయన శిష్యులకు నోటితో పాడి నేర్పుతారు. పెళ్ళిళ్ళకు వాళ్ళతో పోయి తాళం వేస్తారు. మొదట్లో ఆ పని చేస్తూ తల ఎత్తేవారు కాదు. ఈమధ్య ఎత్తుతున్నారు. అన్నం మెతుకు పెదవికి అంటుకుంటే నేను సైగ చేస్తాను.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరు అన్న మాట చదివేవాళ్ళకు చెప్పాలి. "చిన్న తొర్రగా ఉన్నప్పుడే వచ్చుంటే, కుర్చీలో కూసోబెట్టి పూడ్చి పంపించేసేవాణ్ణమ్మా. నొప్పి లేదని పన్ను బాగుండాదనుకోవద్దండి."

అందుకే, నొప్పి లేకపోయినా ఏడాదికొకసారి పళ్ళ డాక్టరుకు నోరు చూపించుకోండి. పోయిన ఏడు మా ఆయన పోరు పడలేక నేనూ వేలూరు పోయాను. నాకు ఏ బాధా లేదు. డాక్టరు చిన్న అద్దం పెట్టి వెనక పన్నులో తొర్ర చూపించాడు. దాన్ని పూడ్చి, మధ్యాహ్నం రైలుకే ఇంటికి పంపాడు.