జైనబ్ పరామర్శ

పాము పగ పన్నెండేళ్లంటారు. పాముకు వేరే పనులుంటాయి కాబట్టి పన్నెండేళ్లతో సరిపెట్టుకుంటుందేమో. జైనబ్‌కు ఆకుకూర మళ్లు, మేడ్చల్ అంగడి, మోకాళ్ల నొప్పి తప్ప వేరే వ్యాపకం లేదు. అందుకని ఆమె తన పగకు గడువు పెట్టుకోలేదు.

ఊరు ఎర్రకుంట. మేడ్చల్ నుంచి రావల్కోల్ పోయే తోవలో రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వస్తుంది. శామీర్‌పేట దిక్కు నుంచి సిరాజుద్దీన్ భార్యగా ఆ ఊరికి వచ్చినప్పుడు జైనబ్‌కు పాలకూరకూ చుక్కకూరకూ తేడా తెలియదు. తెలిసేలోగా సిరాజుద్దీన్ జ్వరం వచ్చి పోయాడు. చంకలో కొడుకు సర్ఫరాజ్, బావి కింద అరెకరం మిగిలాయి. ఆ అరెకరంలో నారు పోయడం, కట్టలు కట్టడం, అన్నీ పక్క మడి సాయమ్మ నేర్పింది. అంగట్లో అరవడం మాత్రం జైనబే సాయమ్మకు నేర్పాల్సి వచ్చింది. ఎందుకంటే సాయమ్మకు బేరమాడడం రాదు. ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే చాలు, ఇంకో కట్ట పైన వేసి ఇచ్చేది. జైనబ్ ఆ కట్ట లాక్కుని గంపలో వేసేది. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఇలాగే కొట్లాడుకుంటూ ఒకే ఆటోలో అంగడికి పోయి వచ్చారు. సాయమ్మకు పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఆదివారం చర్చిలో పాట పాడితే శ్రుతి ఎటో పోయేది, అయినా అందరికంటే గట్టిగా పాడేది. సర్ఫరాజ్ ఆమెను పెద్దమ్మా అనేవాడు.

ఇక ఎంకయ్య. ఊరంతా పటేలా అని పిలిచే ఎంకయ్య అప్పట్లో సర్పంచి. రెండంతస్తుల ఇల్లు కట్టించాడు. కింద ఎరువుల దుకాణానికి ఇచ్చి, పైన పెద్ద హాలు, రెండు గదులు తనకు ఉంచుకున్నాడు. వాస్తు చెప్పినాయన మెట్లు ఫలానా మూలనే ఉండాలన్నాడట. ఆ మూలన సందు తప్ప జాగా లేదు. దాంతో మెట్లు నిచ్చెనలాగా నిటారుగా లేచాయి, పట్టుకోవడానికి కమ్మి కూడా పెట్టించలేదు. నెలకోసారి ముసలివాళ్ల పింఛన్లు ఇవ్వడానికి వేలిముద్రల మిషన్ పట్టుకుని ఒక పిల్ల వచ్చేది. బడి వరండా ఖాళీగా ఉన్నా ఎంకయ్య ఆ పిల్లను తీసుకెళ్లి తన పై హాల్లో కూర్చోబెట్టాడు. ఊరి ముసలివాళ్లంతా ఒక్కొక్కరే మెట్లెక్కి, కుర్చీలో కూర్చున్న తనకు దండం పెట్టుకుంటూ మిషన్ దగ్గరికి పోవాలి. అదీ ఆయన ముచ్చట. చచ్చినా చెప్పరానంత చిన్న ముచ్చట, కానీ దాని కోసం ఒక మనిషి చచ్చింది.

రెండువేల పది ఎండాకాలంలో జైనబ్ ఆయనను అడిగింది. ఎక్కలేనివాళ్ల కోసం ఆ పిల్లను ఒక్క గంటసేపు కిందికి పంపించమంది. వినయంగానే అడిగింది, కొంగు భుజం మీద కప్పుకుని మరీ అడిగింది.

"పొద్దుగూకులు బజార్ల తిరుగనీకె కాళ్లొస్తయి, నా మెట్లెక్కనీకె రావా? ఎక్కనోళ్లు ఆడ్నే కూసోని సావుండ్రి," అన్నాడు ఎంకయ్య. హాల్లో ఉన్న నలుగురు నవ్వారు.

ఆ మరుసటి నెలే సాయమ్మ పడింది. వెనక మెట్టు మీద జైనబే ఉంది. కొంగు చేతికి చిక్కింది కానీ మనిషి చిక్కలేదు. తుంటి ఎముక విరిగింది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే ఈ వయసులో ఆపరేషన్ కష్టమన్నారు. ఇంటికి తెచ్చి మంచం మీద వేశారు. వీపు పుండ్లు పడింది. జైనబ్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమెను పక్కకు తిప్పి పుండ్లు తుడిచేది. వానలు పడి మళ్లు పచ్చబడే వేళకు సాయమ్మ లేదు.

ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. ఎవరైనా మంచం పట్టారంటే పోయి మందలించి, అంటే పరామర్శించి, రావాలి. పడని మనిషైనా పోవాలి, గడపలో నిలబడైనా ఎట్లున్నవని అడగాలి. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ఇంటివాళ్లు పీట వేయాలి తప్ప పొమ్మనకూడదు. జైనబ్ ఇంట్లో దాన్నే బీమార్‌పుర్సీ అంటారు, పుణ్యమంటారు. భూమి గట్టు కోసం గొడ్డళ్లు ఎత్తుకున్న అన్నదమ్ములు కూడా ఆ కట్టడి తప్పలేదు. ఎంకయ్య ఇంటికీ సాయమ్మ ఇంటికీ మధ్య రెండు గల్లీలు. ఆయన ఒక్కసారి రాలేదు. చనిపోయాక మట్టికీ రాలేదు.

సాయమ్మ మాత్రం ఎప్పుడో క్షమించేసింది. ఆమె దేవుడు క్షమించమన్నాడట. జైనబ్‌ను కూడా కోపం విడిచిపెట్టమంది. "నీ తుంటి నీది, మాఫీ నీది. నా కోపం నాది, దాని జోలికి రాకు," అంది జైనబ్. ఆ మాటకు సాయమ్మ నవ్వబోయి నొప్పితో మూలిగింది.

మరుసటి ఏడు సర్పంచుల గడువు అయిపోయింది, ఎన్నికలు రాక ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి. ఎర్రకుంటకు వచ్చిన అధికారి ఒక మేడం. పెద్దవయసువాళ్లకు ఏ సేవలు ఎలా అందాలో వాళ్లనే అడుగుదామని చుట్టుపక్కల ఊళ్లు కలిపి ఒక సలహా సంఘం వేసింది. ఆడమనిషి ఒకరు కావాలంటే జైనబ్ చెయ్యెత్తింది. సర్ఫరాజ్‌కు ఇది నచ్చలేదు. ఫ్యాక్టరీ నుంచి బండి మీద వచ్చి, ఈ వయసులో మీటింగులు ఎందుకమ్మా, ఆ మనిషి సంగతి మరిచిపో అని చెప్పి చూశాడు. జైనబ్ అతనికి అన్నం పెట్టింది.

అసలు ఆమె వేసుకున్న లెక్క వేరు. సర్కారు సంఘమంటే పంచాయితీ లాంటిదనుకుంది. నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు, తప్పు చేసినవాణ్ని పిలిపిస్తారు, అందరి ముందూ తప్పు ఒప్పిస్తారు. మొదటి మీటింగులోనే లేచి ఎంకయ్యను ఎప్పుడు పిలిపిస్తారని అడిగింది. మేడం ఓపిగ్గా చెప్పింది, ఈ సంఘం సలహాలు ఇస్తుంది తప్ప ఎవరికీ శిక్షలు వేయదని. ఉత్త సలహాతో ఎవడి పళ్లు రాలతాయి?

అయినా మానలేదు. మిగతా సభ్యులు సర్కారు కొలువులు చేసి దిగిన పింఛనుదారు పెద్దమనుషులు. ఒకాయన నడవడానికి బాట కావాలనేవాడు, ఇంకొకాయన పేపర్లు చదువుకునే గది కావాలనేవాడు. జైనబ్ వంతు రాగానే మెట్లు అనేది. వచ్చే నెల మళ్లీ మెట్లే. ఆమెకు మెట్ల జైనబ్ అని పేరు పెట్టారు. పెట్టుకోండి అంది. చివరికి విసుగెత్తి ఒప్పుకున్నారో, నిజంగానే ఒప్పుకున్నారో, పింఛన్లు మెట్లెక్కే చోట ఇవ్వకూడదని సంఘం రాసింది. మంచం పట్టినవాళ్ల దగ్గరికి, ఉన్నవాళ్లయినా లేనివాళ్లయినా, నెలకోసారి నర్సమ్మతో పాటు సంఘం మనిషి ఒకరు పోయి చూసి రావాలని కూడా రాసింది. ఆ రెండోది కూడా జైనబ్ మాటే. సాయమ్మ వీపు తుడిచిన చేతులతో చెప్పిన మాట అది. మేడం రెండూ అమలు చేయించింది.

మిషన్ బడి వరండాలోకి దిగిన రోజు ఊరంతా వచ్చింది. ఎంకయ్య కూడా వచ్చాడు. చేతిలో కొబ్బరికాయ. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి మరి. పిలవని పేరంటానికి వచ్చి పీట మీద తానే కూర్చున్నాడు. కొబ్బరికాయ కొట్టి, ముసలివాళ్ల బాధ చూడలేక తానే మేడంకు చెప్పి మిషన్ కిందికి తెప్పించానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మెట్లెక్కి ఆయాసపడ్డ ముసలమ్మలు కూడా కొట్టారు.

జైనబ్ జనంలోంచి లేచింది. "సాయమ్మ ముచ్చట గూడ జెప్పు పటేలా," అంది.

ఎంకయ్య ఆమెను చూశాడు. కనుబొమలు ముడిచి గుర్తు చేసుకుంటున్నట్టు నటించాడు. "ఎవలా సాయమ్మ?" అన్నాడు.

ఆ మాట జైనబ్ గుండెలో ముల్లులా దిగింది. చంపినందుకు కూడా అంత మండలేదు. చంపి, పాడె వెనక నడవక, ఇప్పుడు అసలు అలాంటి మనిషే లేదంటున్నాడు. వీడి నోటితోనే ఆ పేరు చెప్పించాలి, ఆమె నా మెట్ల మీద పడి చచ్చిందని ఊరి ముందు వీడితోనే అనిపించాలి. ఇక ఆమెకు కావలసింది అదొక్కటే. కనబడిన చోటల్లా అడిగింది. అంగట్లో అడిగింది, పీర్ల పండుగలో అడిగింది, పెళ్లి పందిట్లో అడిగింది. ఆయన ప్రతిసారీ పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పోయాడు.

ఎన్నికల్లో రిజర్వేషన్ మారి ఎంకయ్యకు సీటు పోయింది. దసరా అయ్యాక పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట పోయింది. ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. గాలి బాగా వస్తుందని కొడుకులు ఆయనను ఆ పై హాల్లోనే మంచం వేసి పడుకోబెట్టారు. ఆ మెట్ల మీద నుంచి మనిషిని దింపాలంటే నలుగురు కావాలి. కొడుకులిద్దరూ మచ్చ బొల్లారంలో ఉండి ఆదివారాలు వచ్చిపోతారు.

కబురు విన్న జైనబ్ మడిలోనే కూలబడింది. ఊరు అది జాలి అనుకుంది. దేవుడు తన చేతిలో ముద్ద లాక్కున్నాడని ఆమె ఏడ్చింది. ఆ నోరే పోయాక ఇక చెప్పించేది ఎవరితో? ఒకనాడు కొత్తిమీర కట్టలు కడుతూ కడుతూ ఉన్నట్టుండి లేచి నర్సమ్మ దగ్గరికి పోయింది. పటేలుకు చెవులు వినబడతాయా అని అడిగింది. చెవులు, తెలివి శుభ్రంగా ఉన్నాయి, మాట ఒక్కటే లేదంది నర్సమ్మ. జైనబ్ మళ్లీ అడిగి రూఢి చేసుకుంది.

ఆ నెల సంఘం మీటింగులో ఎర్రకుంటలో మంచం పట్టినవాళ్ల పేర్లు చదివారు. ఎంకయ్య ఇంటికి తాను పోతానంది జైనబ్. పింఛనుదారు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శత్రువుకు సేవ చేస్తానంటోంది, ఎంత పెద్ద మనసు అన్నాడు పేపర్ల గది ఆయన.

అలా ఆమె మళ్లీ ఆ మెట్లెక్కింది. మోకాళ్లు పట్టుకుని, గోడకు చెయ్యి ఆనించి, సాయమ్మ పడిన మెట్టు మీద కాసేపు ఆగి ఎక్కింది. ఉత్త చేతులతో పోకూడదు కాబట్టి బత్తాయిలు తీసుకుపోయింది. ఆ రోజు ఆదివారం కావడంతో కొడుకులు ఉన్నారు. పెద్దకొడుకు ఆమెను చూసి మొహం మాడ్చుకున్నాడు కానీ మందలించ వచ్చిన మనిషిని పొమ్మనలేక పీట వేశాడు. ఎంకయ్య భార్య సత్తమ్మ గది గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను ఏయ్ అని తప్ప పిలవలేదని ఊరికి తెలుసు. నర్సమ్మ బీపీ చూసి, వీపు చూసి, మందు రాసి పోయింది. కొడుకులు కిందికి దిగారు.

జైనబ్ పీట మంచానికి దగ్గరగా జరుపుకుంది. ఒక బత్తాయి ఒలిచి రసం చెంచాతో ఆయన నోట్లో పోసింది. మూతి తుడిచింది. తర్వాత నెమ్మదిగా, పసిపిల్లకు కథ చెప్పినట్టు మొదలుపెట్టింది.

"సాయమ్మ ఎవలని అడిగినవ్ గద పటేలా. జెప్పనీకొచ్చిన."

చెప్పింది. బేరం రాని సంగతి, గట్టిగా పాడే సంగతి, సర్ఫరాజ్‌ను ఎత్తుకుని మడికి నీళ్లు కట్టిన సంగతి. మెట్టు మీద కాలు జారిన సంగతి. ఎముక విరిగినప్పుడు వచ్చిన చప్పుడు. పుండ్లలోంచి వచ్చిన వాసన. మందలించడానికి ఊరంతా వస్తుంటే ఆమె అందరి మొహాల్లో ఎవరి కోసం వెతికిందో కూడా చెప్పింది. ఎంకయ్య ఎడమ చెయ్యి దుప్పటిని పట్టుకుంది. లేవలేడు, అరవలేడు, తల అటు తిప్పుకోలేడు. కంటి నుంచి నీరు కారితే జైనబ్ దాన్ని కూడా తుడిచింది.

నెల నెలా పోయింది. ప్రతినెలా పండ్లు, ప్రతినెలా అదే కథ, మొదటి నుంచి చివరిదాకా. మర్చిపోయినవేవో గుర్తొస్తే అవీ కలిపేది. ఆమె మెట్లెక్కుతుంటే వాకిళ్లలో ఆడవాళ్లు పుణ్యాత్మురాలు అనుకునేవాళ్లు. చర్చిలో పాస్టరు ఆమె గురించి ఒక ఆదివారం చెప్పాడట. సర్ఫరాజ్ కూడా తల్లి మారిందని సంతోషపడ్డాడు. జైనబ్ ఎవరి మాటా కాదనలేదు. ఇంటికి వచ్చి హాయిగా అన్నం తినేది. సాయమ్మ పోయిన మూడేళ్లకు ఆమెకు మళ్లీ ఆకలి వేయడం మొదలైంది.

ఆమెకు భయమున్నది ఒక్క సత్తమ్మ గురించే. ఆ గడపలో కూర్చుని అన్నీ వింటుంది. ఏదో ఒకరోజు లేచి చాలించమంటుంది, కొడుకులకు చెబుతుంది, అంతటితో అయిపోతుంది. కానీ సత్తమ్మ తలెత్తేది కాదు. చాటలో బియ్యం అటూ ఇటూ కదిలేవి, అంతే.

రెండువేల పధ్నాలుగు ఎండాకాలంలో ఒకరోజు జైనబ్ కథ ముగించి, మోకాళ్ల మీద చేతులు వేసి లేవబోయింది. సత్తమ్మ చాట పక్కన పెట్టింది. లేచి వచ్చి మంచం దగ్గర నిలబడి మొగుడి మొహంలోకి వంగి చూసింది. అయిపోయిందనుకుంది జైనబ్.

"ఇంకోపాలి జెప్పక్కా," అంది సత్తమ్మ. "పడ్డకాడికెల్లి జెప్పు. నడుమల కండ్లు మూసుకున్నడు."

ఆమె చెయ్యి చాచి ఎంకయ్య రెప్పలను వేలితో పైకెత్తింది. జైనబ్ మళ్లీ పీట మీద కూర్చుంది.