ఐదు తలల మిషను, ఒక కంపెనీ క్యాను

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, గోడకి ఐదు మేకులున్నాయి. వాటికి నా గడ్డి మిషను తలలు ఐదూ వేలాడుతుంటాయి. మూడు రెక్కల ఇనుప బ్లేడు, నైలాను తీగ గిర్రున తిరిగే తల, కంచె మొక్కల్ని సమంగా కత్తిరించే పళ్ళ కత్తి, కొమ్మలు కోసే పొడుగు రంపం, కలుపు తవ్వే చిన్న చక్రాల జత. ఇంజను మాత్రం ఒక్కటే, పెట్రోలుది. ఏ పనికి ఆ తలను గొట్టానికి తొడిగి, మర బిగించి, పట్టీలు భుజాలకు వేసుకుని తాడు లాగడమే. కొన్న రోజు మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఒక్క మొండేనికి ఐదు తలలా! నువ్వు ఒక్క తలతోనే నన్ను ఇంత పరేషాన్ చేస్తున్నవు" అంది.

అన్నది అననీ. నేను ఆ మిషనును చూసుకున్నంత శ్రద్ధగా నా ఒంటిని కూడా ఎప్పుడూ చూసుకోలేదు. పని అయిన ప్రతిసారీ ఎయిర్ ఫిల్టరు స్పాంజి సబ్బునీళ్ళలో పిండి ఆరేసేవాణ్ణి. ప్లగ్గు విప్పి మసి గీకేవాణ్ణి. బ్లేడు తిరిగే చోట గ్రీజు, రంపం గొలుసుకు నూనె. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఒంపేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి, ఆ తరువాతే మేకుకు తగిలించేవాణ్ణి. లీటరు పెట్రోలుకు ఎంత ఆయిల్ కలపాలో అంతే, దగ్గు మందు మూతతో కొలిచి మరీ కలిపేవాణ్ణి. ఊళ్ళో ఎవరైనా "ఒక్కపూట ఇయ్యరాదే" అని వస్తే ముఖం మాడ్చుకుని, "నేనే వచ్చి కోసిపెడత" అనేవాణ్ణి. పిసినారి అని పేరు పడింది. పడనీ అనుకున్నాను.

ఆ మిషను మీద నాకు అంత ఆశ ఎందుకో చెప్పాలి. నేను ఇరవై రెండేళ్ళుగా గుమ్మడిదల దిక్కున ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. లక్డారం రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగి ఒక హారన్ కొడుతుంది, నేను ఎక్కుతాను. గేటు లోపలికి పోయాక చెప్పులు వదిలి, చొక్కా వదిలి, సెల్‌ఫోను వదిలి, తెల్ల సూటులో దూరాలి. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు, చేతులకి రెండు జతల గ్లవ్సులు. ముక్కు మీద దురద పుడితే గోక్కోవడానికి లేదు. ఎనిమిది గంటలు ఆ దురద భరించాలి. కిటికీ లేని హాలు, పెద్ద పెద్ద స్టీలు పాత్రలు, వాటి మీద ఊగే ముళ్ళు. బయట వాన పడిందో ఎండ కాసిందో షిఫ్టు అయ్యాకే తెలుస్తుంది. మొదటి ఏడాదే మానేద్దామనుకున్నాను. తరువాత పర్మనెంటు చేశారు. ఆ మాట విని మా వాళ్ళంతా నాకు స్వీట్లు తినిపించారు. పర్మనెంటు అంటే ఇగ ఎప్పటికీ ఇంతే అని నాకు ఒక్కడికే అర్థమైనట్టుంది.

ఏడాదిన్నర కింద ఒక పొద్దున ఏదో పనిమీద తెల్లాపూర్ పోయాను. ఒక విల్లాల గేటు ముందు ఆటో కోసం నిలబడి ఉన్నాను. లోపల ఒకతను భుజానికి పట్టీలు వేసుకుని, మిషనుతో పచ్చిక కోస్తున్నాడు. ఆకాశం కింద, గాలిలో, తన పాటికి తాను. కోసిన పచ్చి గడ్డి వాసన గేటు దాటి నా దాకా వచ్చింది. చిన్నప్పుడు మా నాయన బర్రెలకు మోపు కోసుకొచ్చి వాకిట్లో దించినప్పుడు వచ్చే వాసన అది. నేను ఎక్కాల్సిన ఆటోలు రెండు పోయినా అక్కడే నిలబడ్డాను. ఈ పనే చెయ్యాలి, చస్తే గడ్డిలో చావాలి అనుకున్నాను. వారం తిరక్కుండా మిషను కొన్నాను.

మా చుట్టుపక్కల వెంచర్లలో ప్లాట్లు కొని, వాటి ముఖం చూడనివాళ్ళు చాలామంది. వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగాక, సరిహద్దు రాళ్ళు కనబడక, నాలాంటివాణ్ణి వెతుక్కుంటూ వస్తారు. ఆదివారాలూ సెలవు దినాలూ అవి కోసిపెట్టేవాణ్ణి. అట్లా ఒక ప్లాటు యజమాని పరిచయమయ్యాడు. కోస్తా వైపు నుంచి వచ్చి, ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తెల్లాపూర్‌లో వాళ్ళ విల్లాల సంఘానికి సెక్రటరీ. నేను కోసిన ప్లాటును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "ఏవండీ, మా తోటపని అతను మానేశాడు. ఒక ఆదివారం వచ్చి మొత్తం చేసి చూపించండి. మా వాళ్ళకి నచ్చితే నెల జీతం మీద మిమ్మల్నే పెట్టేసుకుంటాం" అన్నాడు.

ఆ సాయంత్రమే రాజీనామా కాగితం రాశాను. తారీకు వెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి, మిషను సామాన్ల డబ్బాలో ప్లగ్గు పానా కింద పెట్టాను. మా ఆవిడ చూసింది. వద్దు అనలేదు. "ఆ ఆదివారం అయినంక తారీకు వెయ్యి. జల్దీ పడకు" అంది.

మామూలుగా నాకు లీటరు సీసా చాలు. రోజంతా పని అంటే నాలుగైదు లీటర్లు కావాలి. "పటాన్‌చెరుల పెట్రోల్ డబ్బా దొరుకుతది, కొత్తది కొనరాదు" అంది మా ఆవిడ. నేను నవ్వాను. మా ఫ్యాక్టరీల బెల్టులో క్యానుకు డబ్బులు పెట్టేవాడు ఎవడు? కంపెనీల నుంచి వచ్చిన ఖాళీ క్యాను లేని ఇల్లు ఒక్కటి చూపించండి. నీళ్ళకి నీలం డ్రమ్ములు, వడ్లకి పెద్ద డ్రమ్ములు, స్నానాల గదిలో సగానికి కోసిన డ్రమ్ము. మా షెడ్డులోనూ ఐదు లీటర్ల తెల్ల క్యాను ఒకటి ఎప్పటి నుంచో పడి ఉంది. ఖాళీ క్యానును మూడుసార్లు కడగాలని కంపెనీలో మా బ్లాకు గోడ మీద పెద్ద బోర్డు ఉంటుంది. నేను కూడా లెక్కప్రకారం మూడుసార్లు నీళ్ళు పోసి, కుదిపి, ఒంపి, ఎండలో బోర్లించాను. శుక్రవారం పెట్రోలు తెచ్చి, ఆయిలు కొలిచి కలిపి, అందులో నింపాను.

"ఏందో వాసన కొడుతుంది గా క్యాను" అంది మా ఆవిడ షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"పెట్రోలు మరి మల్లెపూల వాసన కొడుతదా?" అన్నాను.

ఆదివారం పొద్దున్నే తెల్లాపూర్‌లో ఉన్నాను. ఐదు తలలూ గోనెసంచి మీద వరసగా పరిచాను. సెక్రటరీ గారు వాటిని చూసి ముచ్చటపడ్డాడు. ముందు బ్లేడు తొడిగి ప్రహరీ వెంబడి పొదలు నరికాను. తరువాత నైలాను తీగ పెట్టి పచ్చిక కోశాను. మిషను పాట పాడినట్టు నడిచింది. పది గంటలకు ఆయన స్వయంగా టీ తెచ్చి ఇచ్చాడు. "తోట వెనక ఒక గది ఉందండీ. మీ సామాన్లు అందులోనే పెట్టుకోవచ్చు" అన్నాడు. నా సామాన్లకు ఒక గది! ఆ టీ ఎంత కమ్మగా అనిపించిందో చెప్పలేను.

పళ్ళ కత్తి తొడిగి కంచె మొక్కల దగ్గరికి వచ్చేసరికి ఇంజను గొంతు మారింది. యాక్సిలరేటరు నొక్కి రేజు ఇస్తే అందుకోవడం లేదు. కాసేపు గురగురమంది, ఆగిపోయింది. తాడు లాగాను. ప్లగ్గు విప్పాను, తుడిచాను, బిగించాను. ఫిల్టరు దులిపాను. చోక్ వేశాను, తీశాను. లాగాను. లాగుతూనే ఉన్నాను. పట్టీలు భుజాల మీద బిగుసుకుపోయి చెమటకు చర్మం మండుతోంది. బాల్కనీల్లో ఒకరొకరే వచ్చి నిలబడ్డారు. ఒకావిడ ముఖం చిట్లించి కిటికీ మూసేసింది.

"ఏదో ఘాటుగా ఉందండీ" అన్నాడు సెక్రటరీ గారు.

"పెట్రోల్ సార్, ఆయిల్ కలిపింది కద" అన్నాను.

మధ్యాహ్నం దాకా చూశాడు పాపం. కంచె మొక్కలు ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గుబురుగా, సగం గడ్డం గీసి వదిలేసిన మనిషిలా ఉన్నాయి. "పర్వాలేదండీ, మళ్ళీ చూద్దాం" అన్నాడు ఎంతో మర్యాదగా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. అంత మర్యాదగా మాట్లాడాడంటే పని చేతికి రానట్టే. తలలు ఐదూ గోనెలో కట్టుకున్నాను.

నేరుగా పటాన్‌చెరు మెకానిక్ దగ్గరికి పోయాను. ముసలాయన. బోరు మోటార్లు, మందు కొట్టే పంపులు, ఇటువంటి మిషన్లు బాగుచేస్తాడు. నేను పోతూనే గొంతు పెంచాను. ఇంత శుభ్రంగా చూసుకునే మిషను ఆగిందంటే మీరు పోయినసారి వేసిన సామానే నకిలీది అన్నాను. ఆయన కార్బురేటరు విప్పాడు. లోపల పల్చగా, బిళ్ళలా ఉండాల్సిన రబ్బరు పూరీలా పొంగి ఉంది. పెట్రోలు పైపు నొక్కితే చేతికి జిగురుగా తగిలింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు.

"ఏం కలిపినవ్ అన్నా దీంట్ల?"

"ఆయిలే. ఇంకేం కలుపుత?"

క్యాను మూత తీశాడు. దగ్గాడు. "యా అల్లా! ఇది కంపెనీ క్యాను గదా. లోపలి సరుకు ప్లాస్టిక్‌ల ఇంకి ఉంటది. నీళ్ళతోని కడిగితె పోతదా అన్నా అది?"

పోదు. మేము మందులు కరిగించడానికి వాడే ఆ సరుకు నీళ్ళకు లొంగదని, రబ్బరును తినేస్తుందని, దానికి వేరే కడుగుడు ఉంటుందని మా బ్లాకులో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది నేనే. నా ఇంట్లో, నా షెడ్డులో, నేనే మరిచిపోయాను. అయినా ఓడిపోవడం ఇష్టం లేక, "ఎప్పటిదో పాత క్యాను. ఏమీ లేకుండె అందుల" అన్నాను.

ఆయన క్యానును నా వైపు జరిపాడు. "వాసన సూడు."

వంగి గట్టిగా పీల్చాను. ఏమీ రాలేదు. కళ్ళు మండాయి, గొంతులో గరగర. వాసన మాత్రం లేదు. ఆ సరుకుదే కాదు, పెట్రోలుదీ లేదు. మళ్ళీ పీల్చాను. ముసలాయన నా ముఖం చూస్తున్నాడు.

"వస్తుంది" అన్నాను.

ఆయనకు అర్థమైపోయింది. గొంతు తగ్గించి, "రబ్బర్ బదలాయిస్త. మిషన్ బాగైతది. నువ్వైతే డాక్టర్‌కు సూపించుకో అన్నా" అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడ వాకిలి ఊడుస్తుండగా వంటింట్లోకి దూరాను. ఇంగువ డబ్బా తీశాను. కాఫీ పొడి. వెల్లుల్లి రెబ్బ నలిపాను. అగర్‌బత్తీ కట్ట మొత్తం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దొంగలా ఒక్కొక్క మూతా తీసి, మళ్ళీ పెడుతుంటే ఆమె వచ్చింది. నా చేతిలో వెల్లుల్లి చూసింది.

"ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది.

"నీకు ముందే ఎర్కనా?"

"మూడు నాలుగేండ్లాయె. పోపు మాడినా తింటవు. పాలు పొంగి మాడుతుంటే పక్కన్నే కూసుంటవు. మొదట్ల అలిగి అట్ల చేస్తున్నవనుకున్న. చెప్తె ఆ కంపెనీల ఎట్ల నిలబడతవో అని చెప్పలే."

నాకు కోపం రాలేదు. భయం వేసింది. చిన్నపిల్లాడిలా భయం వేసింది.

తెల్లాపూర్ సెక్రటరీ గారు వారం తరువాత ఫోను చేశాడు. ఇంకొకతన్ని పెట్టుకున్నామండీ, ఏమీ అనుకోకండి అన్నాడు. ఏమనుకుంటాను? డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, ఎన్నేళ్ళ నుంచి అక్కడ పని అని అడిగాడు. ఇరవై రెండు అన్నాను. చుక్కలు రాసిచ్చి, వేస్తూ చూడండి అన్నాడు.

మిషను బాగైంది. కొత్త రబ్బరు, కొత్త పైపు, పెట్రోలుకు కొత్త డబ్బా. మొన్న బీ షిఫ్టు. మధ్యాహ్నం దాకా ఇంటి దగ్గరే. పట్టీలు వేసుకుని, నైలాను తల తొడిగి, ఇంటి వెనక గడ్డి కోశాను. ఇంజను ఆపేసరికి మా ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని నిండా గాలి పీల్చింది.

"ఎట్లుంది?" అని అడిగాను.

"ఏంది?"

"గడ్డి వాసన."

ఆమె కళ్ళు తెరిచి, నా వైపు చూసింది. "పచ్చిగ" అంది చివరికి.

చిన్నప్పటి మోపు జ్ఞాపకం ఉంది నాకు. తెల్లాపూర్ గేటు దగ్గర నా దాకా వచ్చిందనుకున్న వాసన కూడా అదే. అప్పటికే నా ముక్కు పోయి రెండేళ్ళు. ఆ రోజు గేటు దాటి ఏ వాసనా రాలేదు. జ్ఞాపకంలో ఉన్నదాన్నే తల్చుకుని, దాని వెంట పడి, మిషను కొని, రాజీనామా రాశాను. తెల్లాపూర్ పని దొరికి ఉన్నా, రోజంతా గడ్డి మధ్యన నేను ఆ సూటులోనే ఉండేవాణ్ణి.

సామాన్ల డబ్బా తెరిచి, పానా కింద కాగితం ఉందో లేదో చూశాను. ఉంది. నూనె మరక పడి అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. చింపలేదు, తారీకూ వెయ్యలేదు. పానా మళ్ళీ దాని మీద పెట్టాను. స్పాంజి కడిగి తీగ మీద ఆరేస్తుండగా లక్డారం రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. చెవులు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.